తటాకం, ఆలయం, నిత్యజీవనం: బయ్యారం శాసన నేపథ్యంలో కాకతీయ – ఖ్మేర్ సమాజాల పరిశీలన

ప్రాచీన ఆలయాలను చూడడానికి వెళ్లినవారి రచనల్లో రెండు రకాల పరిశీలనలు కలిసి ఉంటాయి. ఒకటి రాతిని గురించినది. రెండోది ఆ రాతి చుట్టూ బతికే మనుషులను గురించినది. మొదటిదానికి శాసన పరిశోధన, శిల్పశాస్త్రం అండగా నిలిచాయి. రెండోది మాత్రం చాలాకాలం యాత్రికుల ముచ్చటగానే చెలామణి అయింది. కంబోడియాలోని అంగ్‌కోర్ విషయంలో ఈ క్రమం తారుమారైంది. అక్కడి సామాన్య జీవితాన్ని గురించి నేడు తెలిసినదానిలో పెద్ద భాగం ఒక విదేశీ యాత్రికుడి వృత్తాంతం వల్ల, ఒక ఆలయపు గోడ మీది శిల్పాల వల్ల తెలిసిందే. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులోని కారేపల్లి పరిసరాల నుంచి కాకతీయుల కట్టడాలను పరిశీలించినప్పుడు అదే ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. ఈ గుళ్లూ చెరువులూ వెలసిన కాలంలో వాటి పక్కన బతికినవారి సంగతి ఏ ఆధారంలో దొరుకుతుంది?

కారేపల్లి అనగానే ఆధునిక చరిత్రకు స్ఫురించేది బొగ్గు. 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. ఆ తరువాత వచ్చిన గనులకు, సంస్థకు సింగరేణి గ్రామం పేరే స్థిరపడింది. కారేపల్లి కేంద్రంగా ఉన్న మండలం పేరు నేటికీ సింగరేణి. డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్డుకు పోయే రైలు మార్గంలో ఇల్లందు శాఖ చీలేది కారేపల్లి వద్దనే. అయితే ఈ ప్రాంతం లిఖిత చరిత్రలోకి బొగ్గుతో రాలేదు, నీటితో వచ్చింది. కారేపల్లికి వాయవ్యాన, గార్లకూ ఇల్లందుకూ సమీపంలో బయ్యారం ఉన్నది. అవిభక్త ఖమ్మం జిల్లాలో భాగమైన ఈ ఊరు 2016 పునర్విభజనలో మహబూబాబాద్ జిల్లాలో చేరింది. ఇక్కడి పెద్ద చెరువును కట్టించినది కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ. నతవాడి రుద్రుని భార్య ఆమె. 1219 నాటి శాసనం ఈ చెరువును ధర్మకీర్తి సముద్రమని పేర్కొంటున్నది. గణపతిదేవుని, మైలాంబల తల్లి పేరు బయ్యమాంబ. ఊరి పేరులో ఆమె పేరు ధ్వనిస్తున్నది.

కాకతీయ చరిత్రకారులకు బయ్యారం శాసనం అమూల్యమైనది కావడానికి కారణం చెరువు కాదు, వంశావళి. దుర్జయ కులజుడైన వెన్నడు కాకతి అనే చోట నుండి పాలించి కాకతీశుడనే వ్యవహారం పొందాడనీ, అతని తరువాత గుండ నామధేయులు వరుసగా వచ్చారనీ ఈ శాసనం చెబుతున్నది. దానార్ణవుని మాంగల్లు శాసనంలోని కాకర్త్య గుండ్యన ప్రస్తావనతో దీనిని జోడించి వంశం తొలి దశను పునర్నిర్మించడం పరిశోధకులకు సాధ్యమైంది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటివారి కృషిలో ఈ శాసనానికి దక్కిన స్థానం సముచితమే. కాని ఫలితంగా ఒక వింత జరిగింది. చెరువు కట్టినందుకు వేసిన శాసనం చెరువును తప్ప మిగిలిన అన్నింటినీ గురించి చర్చకు వచ్చింది. కట్ట ఎవరు పోశారు, తూము దగ్గర నీరు వదిలినది ఎవరు, ఆ నీటితో పండినదేమిటి అన్న ప్రశ్నలు ఆ వంశవృక్షం నీడలో పడిపోయాయి.

ఈ ప్రశ్నలను కాస్త దూరం నుంచి చూడడానికి అంగ్‌కోర్ పనికివస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆగ్నేయాసియా ఆలయాలన్నీ తెలుగువారి చేతి పనేనని, లేదా తమిళుల చేతి పనేనని చెప్పుకొనే అలవాటు ప్రాంతీయాభిమానం నుంచి పుట్టినది. ఖ్మేర్ లిపికి దక్షిణ భారతపు పల్లవ లిపి మూలమన్నది నిజమే. శైవం, వైష్ణవం, బౌద్ధం, సంస్కృత ప్రశస్తి రచన అక్కడికి చేరిన మాటా నిజమే. ఖ్మేర్ శిల్పి మాత్రం తన నేల మీద, తన రాతితో, తన పద్ధతిలోనే కట్టాడు. కాబట్టి ఇక్కడ చేస్తున్నది ప్రభావ నిర్ణయం కాదు. ఒకే కాలంలో బతికిన రెండు సమాజాలను పక్కపక్కన పెట్టి చూడడం మాత్రమే.

కాలసామ్యం ఆశ్చర్యం కలిగించేటంత దగ్గరగా ఉన్నది. ఏడవ జయవర్మ 1181లో సింహాసనమెక్కాడు. గణపతిదేవుడు 1199లో రాజ్యానికి వచ్చాడు. జయవర్మ తన తల్లి రూపాన్ని ప్రజ్ఞాపారమితగా ప్రతిష్ఠించిన తా ప్రోమ్ ఆలయ శాసనం 1186 నాటిది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రుద్రేశ్వరాలయాన్ని, అంటే నేటి రామప్ప గుడిని, 1213లో ప్రతిష్ఠించాడు. ఆ తరువాత ఆరేళ్లకు బయ్యారం చెరువు శాసనం వెలసింది. జయవర్మ రాజధాని నడిబొడ్డున బయోన్ ఆలయం రూపుదిద్దుకొన్నదీ ఈ తరంలోనే.

రెండు దేశాల శాసనాలూ ఆలయాన్ని ఒక గొప్ప గృహస్థుగా చూపిస్తాయి. తా ప్రోమ్ శాసనం ఆ ఆలయ సేవకు 3,140 గ్రామాలను, 79,365 మంది మనుషులను లెక్కగట్టింది. అందులో 615 మంది నర్తకులు. రాజ్యమంతటా ఉన్న 102 ఆరోగ్యశాలల ప్రస్తావన కూడా అందులో ఉన్నది. తెలుగు నేల మీద దీనికి దీటైన పత్రం రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం. 1261 నాటి ఈ శాసనంలో గోళకీ మఠాధిపతి విశ్వేశ్వర శివాచార్యునికి మందడం గ్రామ దానం, ఆయన నెలకొల్పిన విద్యాలయం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం వివరంగా ఉన్నాయి. వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు, నర్తకులు, గాయకులు, గ్రామ రక్షకులు ఎవరి వాటా వారికి ఏర్పాటైంది. బ్రాహ్మణుడు మొదలు చండాలుని దాకా వచ్చినవారందరికీ అన్నం పెట్టాలన్న నిబంధన ఉన్నది. మల్కాపురం శాసనాన్ని తెలుగు విద్యాచరిత్రలో తరచుగా స్మరిస్తారు. దానిలోని ప్రసూతిశాలకు రావలసినంత శ్రద్ధ రాలేదు. రాజధానికి దూరంగా, కృష్ణాతీరపు పల్లెలో, కాన్పు కోసం ఒక ఇల్లు ఉండాలని రాతి మీద రాయించిన సమాజం అది.

అయినా ఈ రెండు శాసనాలూ మనుషులను లెక్కించాయే గాని వర్ణించలేదు. ఎవరికి ఎంత వాటా అన్నది చెబుతాయి. వాళ్లు ఏ పూట ఏం తిన్నారో, అంగట్లో ఎలా బేరమాడారో చెప్పవు.

నీటి విషయంలో రెండు సమాజాల పోలిక మరింత ఆలోచింపజేస్తుంది. ఖ్మేర్ రాజులు చదునైన నేల మీద నాలుగు వైపులా కట్టలు పోసి దీర్ఘచతురస్రాకార జలాశయాలను నిర్మించారు. 9వ శతాబ్ది చివర యశోవర్మ తవ్వించినదానికి యశోధర తటాకమని పేరు. 11వ శతాబ్ది నాటి పశ్చిమ బరాయ్ పొడవు దాదాపు 8 కిలోమీటర్లు, వెడల్పు 2 కిలోమీటర్లకు పైమాట. జయవర్మ తవ్వించినది జయ తటాకం. దాని నడుమ నీక్ పొయాన్ అనే చిన్న దేవాలయం ఉన్నది. తటాకమనే మాట తెలుగు శాసనాల్లోనూ అడుగడుగునా కనిపించేదే. కాకతీయుల చెరువు మాత్రం వేరు జాతిది. అది నేల వాలును చదివి కట్టినది. రెండు గుట్టల నడుమ వాగు పారే చోట అడ్డంగా కట్ట వేస్తారు. మూడు వైపులా ప్రకృతే గోడ. నాలుగో వైపు మనిషి పోసిన మట్టి. దిగువ పొలాలకు తూము, మిగులు నీటికి మత్తడి. పాలంపేట, పాకాల, లక్నవరం, బయ్యారం చెరువుల ఆకృతి మూలంలో ఇదే. బరాయ్‌ను రేఖాగణితం తెలిసినవాడు గీయగలడు. గుట్టల మధ్య చెరువుకు స్థలం చూపగలిగేది ఆ అడవిలో వానాకాలమంతా తిరిగినవాడే. ఏ వాగు ఏ నెలలో ఎంత పొంగుతుందో, ఏ నేల నీరు పట్టి నిలుపుతుందో తెలిసినవారి సలహా లేకుండా రాజబంధువుల ధనం ఒక్కటే ఈ చెరువులను నిలబెట్టలేదు. ఆ తెలిసినవారి పేర్లు రాతి మీదికి రాలేదు. వారి ఉనికికి చెరువు నెలకొన్న చోటే సాక్ష్యం.

కట్టిన చెరువును నిలుపుకోవడానికి తెలుగు నేల కనిపెట్టిన ఉపాయం దశబంధం. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు బాధ్యత వహించినవారికి ఆయకట్టులో పదో వంతు చొప్పున భూమినో ఫలసాయాన్నో విడిచిపెట్టే పద్ధతి ఇది. నిర్మాణం రాజవంశీకుల కీర్తి కోసం జరిగినా నిర్వహణ ఊరి చేతిలోకి వచ్చేది దీనివల్లనే. ఓరుగల్లు 1323లో పతనమైనా కాకతీయుల చెరువులు చాలావరకు బతికి బట్టకట్టడానికి గల కారణాలలో దీనిని ఒకటిగా లెక్కించాలి. అంగ్‌కోర్‌లో అంతటి విస్తృత జలవ్యవస్థ 14, 15 శతాబ్దాలలో దీర్ఘ అనావృష్టికీ, ఆ వెంటనే వచ్చిన అతివృష్టికీ తట్టుకోలేక దెబ్బతిన్నదని పరిశోధకులు చెట్ల వలయాల ఆధారంగా నిర్ధారిస్తున్నారు. ఒకదానితో ఒకటి ముడిపడిన పెద్ద వ్యవస్థకు ఒకచోట గండి పడితే అంతటా పడుతుంది. విడివిడిగా ఉన్న ఊరి చెరువుకు గండి పడితే ఊరు పూడ్చుకొంటుంది. ఈ పోలికను మరీ సాగదీయకూడదు. గొలుసుకట్టు చెరువులు తెలంగాణలోనూ ఉన్నాయి. అవీ తెగాయి.

ఇక గోడ మీది జీవితం సంగతి. బయోన్ వెలుపలి ప్రాకారపు శిల్పాలలో పై వరుసల్లో సైన్యాలు కదలిపోతుంటాయి, తోన్లే సాప్ సరస్సు మీద చాములతో నావికా యుద్ధం జరుగుతుంటుంది. కింది వరుసల్లో వేరే ప్రపంచం. అంగట్లో స్త్రీలు సరుకు తూస్తుంటారు. ఒకచోట వంట జరుగుతున్నది. జాలరి వల విసురుతున్నాడు. ఒక స్త్రీ ప్రసవిస్తున్నది. ఇద్దరు కోడిపుంజులను ఎదురెదురుగా పట్టుకొని పందానికి సిద్ధమవుతుంటే చుట్టూ గుంపు చేరింది. చైనా వర్తకులను శిల్పి జుట్టుముడితో, దుస్తులతో గుర్తుపట్టేలా చెక్కాడు. రామప్పలో ఇటువంటిది వెదికితే దొరికేది తక్కువ. అధిష్ఠానం చుట్టూ సాగే ఏనుగుల వరుస, నర్తకుల, వాద్యకారుల బృందాలు, కప్పు అంచులను మోస్తున్నట్టు నిలిచిన నల్లరాతి మదనికలు ప్రపంచ శిల్పంలో అరుదైన సంపద. జాయపసేనాని నృత్తరత్నావళిని చదివేవారికి అవి ప్రత్యక్ష వ్యాఖ్యానాలు. కాని అక్కడ నాట్యం ఉన్నది, అంగడి లేదు.

తెలుగు అంగడి రాతి మీద కాదు, పద్యంలో ఉన్నది. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక్కరోజు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. ఏకవీర గుడికి పోతారు, మైలారుదేవుని వద్ద భక్తుల సాహసాలు చూస్తారు, పల్నాటి వీరుల కథ పాడే స్త్రీని వింటారు. పొట్టేళ్ల పోరు, కోడిపందెం చూస్తారు. లక్ష్మణవజ్ఝల పూటకూటి ఇంట రూకకు దొరికే భోజనంలో సన్నన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్లు, గడ్డపెరుగు వరుసగా వస్తాయి. బయోన్ శిల్పి కోడిపందేన్ని రాతిలో నిలిపితే తెలుగు కవి దానిని ఇద్దరు బాటసారుల కంటి వెంట నడిపించాడు. గుడి చూడబోయి ఊరు చూసే రచనకు తెలుగులో ఇంత స్పష్టమైన పూర్వరూపం మరొకటి లేదు. అయితే ఈ కృతి కాకతీయ రాజ్యం కూలిన తరువాతిది, రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామానికి తెలుగు రూపం. అందులోని ఓరుగల్లు ఎంతవరకు కన్నది, ఎంతవరకు తలచుకొన్నది అన్న విచక్షణ తప్పదు.

అంగ్‌కోర్‌కు ఆ కన్ను ఇచ్చినవాడు చైనా దౌత్య బృందంతో 1296 ఆగస్టులో వచ్చి మరుసటి ఏడు మధ్యలో తిరిగివెళ్లిన జౌ దాగువాన్. తెలుగు తీరాన మోటుపల్లి రేవుకు గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయశాసనం ఇచ్చి అప్పటికి అర్ధశతాబ్దం గడిచింది. మార్కో పోలో ఈ రాజ్యాన్ని ఒక రాణి ఏలిందని, ఇక్కడి సన్నని వస్త్రాలు సాలెగూటిని తలపిస్తాయని చెప్పినదీ ఆ కాలపు మాటే. చైనా ఓడలు తిరిగిన సముద్రమొక్కటే. పోలో రేవు పక్కన విన్నది చెప్పాడు. జౌ ఊళ్లో ఏడాది ఉండి చూసినది రాశాడు. ఆ దేశంలో వ్యాపారమంతా ఆడవారి చేతిలో ఉంటుందని, పొద్దున్నే మొదలైన సంత మధ్యాహ్నానికి ముగుస్తుందని, దుకాణాలు లేక నేల మీద చాపలు పరచి అమ్ముతారని, కూర్చున్న చోటుకు అధికారులకు అద్దె కట్టాలని, చిన్న బేరాలకు బియ్యం మారకమని ఆయన నమోదు చేశాడు. బయోన్ గోడ మీది సంతకు ఇది అక్షరాలా వివరణ. ఏబెల్ రెమ్యూజా 1819లో, పెలియో 1902లో దీనిని ఫ్రెంచిలోకి అనువదించాక అంగ్‌కోర్ చరిత్ర రచనే దిశ మార్చుకొన్నది.

తెలుగులో ఈ పనిని ఒంటిచేత్తో తలకెత్తుకొన్నది సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో వెలువడిన ఈ గ్రంథానికి 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి, జనం తిండి, బట్ట, ఆట, నమ్మకం కోసం ఆయన కావ్యాలను గాలించారు. కాకతీయ యుగానికి ఆయనకు క్రీడాభిరామం, పాల్కురికి సోమన కృతులు గనులయ్యాయి. ఆ పద్ధతి విలువ నేటికీ తగ్గలేదు. కాని ఆధారమెక్కడిదైతే చిత్రమూ అక్కడిదే అవుతుంది. క్రీడాభిరామం నగరాన్ని చూపింది కాబట్టి కాకతీయ సాంఘిక చరిత్ర ప్రధానంగా నగర చరిత్ర అయింది. ఓరుగల్లు అంగడి కళ్లకు కట్టింది. బయ్యారం కట్ట మీది మనిషి కనిపించలేదు. అతని అవతల, అడవిలో ఉన్న కోయవాడు బొత్తిగా కనిపించలేదు.

జౌ వృత్తాంతంలో కొండజాతులు కనిపిస్తారు. అయితే ఎలా? బానిసలుగా. కొండల నుంచి పట్టి తెచ్చినవారిని కొనుక్కొని ఇళ్లలో పనిచేయించుకొంటారని, సంపన్నుల ఇంట నూరుకు పైగా, మామూలువారికి పదీ ఇరవై ఉంటారని, మరీ పేదవారికే ఎవరూ ఉండరని ఆయన నిర్వికారంగా రాసిపెట్టాడు. అంగ్‌కోర్ వైభవానికి కొండజనం చేసిన చాకిరీ అంతటిదైనా, ఆ జనం తమ మాటగా చెప్పుకొన్న కథ ఆ పుస్తకంలో లేదు. ఉండే వీలూ లేదు.

తెలుగు అటవీ సరిహద్దులో పరిస్థితి దీనికి తలకిందులు. కాకతీయ శాసనాల్లో కోయల గొంతు లేదు. కోయల కథలో కాకతీయులు ఉన్నారు. పాలంపేటకు దాపున ఉన్న మేడారంలో రెండేళ్లకొకసారి మాఘ పున్నమికి జరిగే సమ్మక్క సారలమ్మ జాతర ఆ కథకు ఆలంబనం. వరుస కరువుల్లో పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయాడని, ప్రతాపరుద్రుని సేన వచ్చి పడిందని, కొడుకు జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిచాడని, సమ్మక్క చిలకలగుట్టలో అదృశ్యమైతే కుంకుమ భరిణె దొరికిందని మౌఖిక సంప్రదాయం. ఆ వాగుకు జంపన్న పేరే నిలిచింది. దీనిని ఏ శాసనమూ ధ్రువపరచలేదు. వంశాల తేదీలతో సరిపెట్టబోతే చిక్కులెన్నో వస్తాయి. కనుక దీనిని సంఘటనల పట్టికగా చదవడం పొరపాటు. అదే విధంగా కట్టుకథగా తోసివేయడమూ పొరపాటు. చెరువు నింపుకొన్న రాజ్యానికి, వాన మీదే ఆధారపడిన అడవికి మధ్య తగవు ఎక్కడ పుట్టిందో ఈ కథ సూటిగా చెబుతుంది: కరువులో పన్ను. శాసనం పన్నుల మినహాయింపును పుణ్యంగా కీర్తిస్తుంది. పన్ను పడినవాడి పక్షాన మాట్లాడే ఆధారం ఇదొక్కటే. పైగా మేడారంలో గుడి లేదు, విగ్రహం లేదు. గద్దెలు, వెదురు కర్ర, భరిణె, నిలువెత్తు బెల్లం. శిల్పసంపదకు పేరుమోసిన రామప్పకు అంత చేరువలో, రాతిని ఆశ్రయించకుండానే ఏడు శతాబ్దాల జ్ఞాపకం నిలిచిందని జనం నమ్ముతున్నారు.

ఈ దృష్టితో చూస్తే నేటి అంగ్‌కోర్ కూడా శిథిలాల సముదాయం మాత్రమే కాదు. 1992లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ ఆవరణలో నూరుకు పైగా గ్రామాలున్నాయి. గుడి కందకం ఒడ్డున గేదెలు మేస్తాయి. బయోన్ గోడ మీది ఎడ్లబండి రూపం పల్లెబండిలో గుర్తుపట్టవచ్చు. పొలాల గట్ల మీద తెలంగాణ వారికి చిరపరిచితమైన తాటిచెట్లే. మనవైపు గౌడు మోకుతో ఎక్కి కల్లు దించితే అక్కడివారు వెదురు నిచ్చెనతో ఎక్కి తెచ్చిన నీరాను బాట పక్కనే కాచి బెల్లం చేస్తారు. అంగ్‌కోర్ వాట్ పడమటి గోపురంలో ఎనిమిది చేతుల విష్ణువు విగ్రహం ఒకటి ఉన్నది. చుట్టుపక్కల పల్లెలకు అది విష్ణువు కాదు, తా రీచ్. ఊరిని కాచే నీక్ తా, అంటే తెలుగువారి గ్రామదేవత వంటిది. రాజు ప్రతిష్ఠించిన దేవుణ్ణి జనం తమ దేవుడిగా పేరు మార్చి కొలుచుకొంటున్నారు. తెలుగు పల్లెల్లో వీరగల్లులకు, భగ్న శిల్పాలకు పసుపు కుంకుమలు పూసి పోచమ్మగానో మరో తల్లిగానో మొక్కడం తెలిసిన పరిశోధకునికి ఇందులో వింతేమీ కనిపించదు. ఇటువంటి మొక్కులను శిల్పానికి జరిగిన అపచారంగా నమోదు చేసే అలవాటు పురావస్తు నివేదికలకు ఉన్నది. సాంఘిక చరిత్రకు అవే ఆధారాలు.

బయ్యారం చెరువు విషయంలో చేయవలసిన పని దీనిని బట్టి తేలుతుంది. వంశావళి చదివినంత శ్రద్ధతో కట్ట, తూము, మత్తడి అమరికను చదవాలి. తూముల పేర్లు, వాటి కింద కంచెల పేర్లు, పొలాల పేర్లు, నీరటి కుటుంబాల హక్కులు, చెరువు నిండిన ఏడు కట్టమైసమ్మకు చేసే పండుగ, ఎగువ గూడేలు వాగులకు పెట్టుకొన్న కోయ పేర్లు సేకరించాలి. వీటిలో చాలా మాటలు నిఘంటువులకు ఎక్కనివి. నీరటి వ్యవస్థ సడలిపోయిన తరువాత పుట్టినవారికి తూము పేరు కన్నా తూము నెంబరే తెలుస్తుంది. మైలాంబ పేరు రాతి మీద ఉన్నది కాబట్టి నిలుస్తుంది. తూముల పేర్లు వాటిని పలికేవారి నోట మాత్రమే ఉన్నాయి.